సూరత్ కోట ఎవరిని కాపాడింది?

సూరత్ చూడవచ్చిన యాత్రికులు సాధారణంగా తాపీ నది ఒడ్డున, చౌక్ బజార్ వద్దనున్న కోటతోనే సంతృప్తి పడతారు. నగరపాలక సంస్థ పునరుద్ధరించి మ్యూజియంగా తీర్చిన ఆ కోట చూడదగినదే. కానీ దాని కథలో రెండో సగం కతర్‌గామ్ దర్వాజా వైపున, ఆంగ్లేయుల, డచ్చివారి పాత శ్మశానాల్లో ఉంది.

పోర్చుగీసు నౌకలు పదేపదే వచ్చి ఊరిని తగలబెట్టడంతో గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ కాలంలో, 1540లలో, ఖుదావంద్ ఖాన్ ఈ కోటను కట్టించాడు. 1573లో అది అక్బరు వశమైంది. హజ్ యాత్రికుల ఓడలకూ, మొగలాయి ఖజానాకు చేరే సుంకాలకూ సూరతే సింహద్వారం. అంతటి రేవుకు రక్షణ ఏపాటిదో 1664 జనవరిలో తేలిపోయింది. శివాజీ సేనలు రాగానే మొగలు అధికారి ఇనాయత్ ఖాన్ కోటలో దూరి తలుపులు బిగించుకున్నాడు. ఊరు రోజుల తరబడి దోపిడీకి గురై, మంటల్లో కాలింది.

ఈ ఘట్టాన్ని మతాల పోరుగా చిత్రించే అలవాటు నేటి రాజకీయాలకు ఉంది. నష్టపోయినవారి పేర్లు చూస్తే ఆ చిత్రం నిలవదు. అపర కుబేరుడని పేరుపొందిన వీర్జీ వోరా జైనుడు. హాజీ సయ్యద్ బేగ్ ముస్లిం. షాయిస్తా ఖాన్ పుణేలో తిష్ఠవేసి మరాఠా ప్రాంతాలను గుల్లచేసిన దరిమిలా, శివాజీకి ధనమూ కావాలి, చక్రవర్తి ప్రతిష్ఠకు దెబ్బా తగలాలి. రెండూ సూరత్‌లో దొరికాయి. 1670లో ఆయన మళ్లీ వచ్చాడు.

ఆ రోజుల్లో తమ కోఠీని తామే కాపాడుకున్నవారు ఆంగ్లేయులు. వారి నాయకుడు జార్జ్ ఆక్సెండెన్. ఔరంగజేబు మెచ్చి, వారికి సుంకాల్లో రాయితీ ఇచ్చాడు. ప్రజలను గాలికి వదిలిన ప్రభుత్వం, తన సరుకును కాపాడుకున్న కంపెనీకి బహుమతి ఇచ్చిందన్నమాట! 1669లో మరణించిన ఆక్సెండెన్, అంతకు పదేళ్ల ముందు పోయిన సోదరుడు క్రిస్టఫర్ కతర్‌గామ్‌లోనే ఉన్నారు. వారి సమాధి గుమ్మటాలతో, కమానులతో మొగలు ఉమరావుల గోరీని తలపిస్తుంది. జీతానికి వచ్చిన వర్తకులకు అంత దర్పం! డచ్చివారి వైపు, మలబారు మొక్కలపై బృహద్గ్రంథం వెలువరించి 1691లో మరణించిన వాన్ రీడ్ సమాధి మరింత ఆడంబరమైనది.

తెలుగువారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఆంగ్లేయులు సూరత్‌కంటే ముందే, 1611లో మచిలీపట్నంలో కోఠీ తెరిచారు. బందరులోనూ డచ్చి సమాధులున్నాయి. అక్కడా ఇక్కడా వారిని రప్పించింది నేతగాళ్ల బట్టే. నేడు సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు పనిచేస్తున్నారు. యాత్రికుల దారిలో వారి బస్తీలు తగలవు.

ఇనాయత్ ఖాన్ దాగిన ఆ కోట 1759లో ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1800లో నవాబుకు భరణం ఇచ్చి, నగర పాలనను కూడా వారే తీసుకున్నారు.