చదరంగమున తొలి ఎత్తుల ఉచ్చు

చదరంగమున ఓటమి రెండు విధములు. గంటల తరబడి పోరాడి, బలములన్నియు కరగిపోయిన పిమ్మట ఓడుట మొదటిది. బలములు ఇంకను తమ ఇండ్లు కదలకముందే, నోటిలోని తాంబూలము నములుట ముగియకముందే ఓడుట రెండవది. మొదటిదానికి సానుభూతి లభించును. రెండవదానికి నవ్వులు మాత్రమే లభించును. ఈ రెండవ ఓటమికి హేతువైన తొలి ఎత్తుల ఉచ్చు ఎట్లు పుట్టినది? ఎంతవారిని పట్టినది? ఈ విషయమును నేడు కొంత విచారింతము.

చోడవరమునకు చేరువనున్న వడ్డాది గ్రామమును మన శ్రోతలు పెక్కు మంది ఎరుగుదురు. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ గ్రామము ఒకప్పుడు మత్స్యవంశపు రాజులకు నెలవు. శక సంవత్సరము 1191, అనగా క్రీ. శ. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనము ఈ వంశీయులను, ఒడ్డవాది సీమను పేర్కొనుచున్నది. మన ప్రాచీన సంప్రదాయమున సేన యనగా చతురంగ బలమే: రథములు, గజములు, తురగములు, పదాతులు. ఆ చతురంగమే మన నోట చదరంగమైనది. ఏనుగు, గుర్రము, శకటు, బంటు అను పేర్లలో ఆ సేన నేటికిని నిలిచియున్నది. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచిన బొడ్డుచర్ల తిమ్మన కథను మన చాటు సంప్రదాయము భద్రపరచినది. మన పెద్దలకు ఈ ఆట ఎంత ప్రియమైనదో దానివలన తెలియగలదు.

అయితే ఆ ప్రాచీన క్రీడ మందగమనము గలది. నాడు మంత్రి మూలగా ఒక్క ఇల్లు మాత్రమే కదలెడివాడు. బంటు తొలి ఎత్తుననైనను ఒక్క ఇంటిని మించి పోరాదు. రెండు సేనలు ఒకదానినొకటి తాకుటకే పెక్కు ఎత్తులు పట్టెడివి. కావున నాలుగైదు ఎత్తులలో రాజును కట్టివేయుట ఆ ఆటలో అరుదు.

పదునైదవ శతాబ్ది చివర ఐరోపాలో ఈ స్థితి మారినది. మంత్రికి ఎనిమిది దిక్కులను ఎంత దూరమైనను పోవు శక్తి కలిగినది. శకటుకు మూలల వెంట దీర్ఘసంచారము లభించినది. లుసేనా యను స్పెయిను దేశీయుడు 1497లో సలమాంకా నగరమున ప్రకటించిన గ్రంథమున పాత పద్ధతియు క్రొత్త పద్ధతియు ప్రక్కప్రక్కనే కానవచ్చును. బలములకు వేగము పెరిగినకొలది అజాగ్రత్తకు శిక్షయు త్వరితమైనది. పదునెనిమిదవ శతాబ్దిలో పారిసు నగరమున లెగాల్ అను ఆటగాడు తన మంత్రిని ప్రత్యర్థికి ఎరగా విడిచి, రెండు గుర్రములతోను ఒక శకటుతోను ఏడవ ఎత్తున రాజును కట్టివేసెను. ఎరను చూచినవాడు ఉచ్చును చూడలేదు. ఆ కట్టు నేటికిని లెగాల్ పేరిటనే వ్యవహరింపబడుచున్నది.

మన దేశమున పలుచోట్ల బంటును ఒక్కొక్క ఇల్లే నడుపు దేశీయ పద్ధతి ఇరువదవ శతాబ్దిలోను సాగినది. పంజాబు దేశీయుడగు మీర్ సుల్తాన్ ఖాన్ అట్టి ఆటలో పెరిగి, ఐరోపా నియమములను ఆలస్యముగ నేర్చెను. అతడు 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ విజేత యయ్యెను. అయినను ఆరంభపు ఎత్తుల శాస్త్రము అతనికి కడవరకు బలహీనస్థానముగనే యుండెను. మధ్యక్రీడలో సింహమైనవాడు గడప దాటుటకే శ్రమపడవలసి వచ్చినది.

కాగా శాస్త్రమంతయు చదివినవాడు ఉచ్చులో పడడా? 1988లో స్విట్జర్లాండు దేశపు బీల్ నగరమున జరిగిన ఆట దీనికి సమాధానము. తెల్లబలములు కొలంబియా దేశీయుడగు అలోన్సో జపాటావి. నల్లబలములు మన పొరుగున మద్రాసులో పెరిగిన విశ్వనాథన్ ఆనంద్‌వి. ఆనంద్ అప్పటికే 1987లో ప్రపంచ బాలుర విజేతయై, భారతదేశమున ప్రప్రథమ గ్రాండ్‌మాస్టరు పదవి నందినవాడు.

రాజుల ముందరి బంట్లు రెండేసి ఇండ్లు కదలినవి. ఇరువురి గుర్రములును బయలుదేరి చెరియొక బంటును చంపినవి. మధ్యలో నిలిచిన తన గుర్రమునకు అండగా ఐదవ ఎత్తున ఆనంద్ శకటును తెచ్చెను. జపాటా తన మంత్రిని రాజు ముందరి ఇంట నిలిపెను. అంతే! తెల్లమంత్రి, నల్లగుర్రము, నల్లరాజు ఒకే వరుసలో చిక్కిరి. గుర్రము కదలిన రాజునకు ముప్పు. దానికి బంటును కాపు పెట్టినను తెల్లవాని చిన్న బంటు ఒక ఇల్లు జరిగి దానిని పొడుచును. గుర్రము పోక తప్పదు. ఆనంద్ ఆరవ ఎత్తుననే ఓటమి నంగీకరించెను.

ఈ పొరపాటు ఎక్కడిది? 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైల్స్, క్రిస్టియన్‌సెన్ అను ఇరువురు గ్రాండ్‌మాస్టర్ల నడుమ జరిగిన ఆటలో ఇదే శకటు ఎత్తు వచ్చినది. మైల్స్ మంత్రిని కదపలేదు. ఆట ఇరువదవ ఎత్తున సమముగ ముగిసినది. అది అచ్చైనది. అచ్చైనది గదా యని ఆనంద్ దానిని నమ్మెను. గొప్పవారాడిన ఎత్తు గనుక అది పరీక్షింపబడినదే యని అనుకొనుట సహజము. కాని ఆ గొప్పవారిలో ఒకరు తప్పు చేయగా, రెండవవారు దానిని శిక్షింపక విడిచిరి.

చరిత్ర చదువువారికి ఇది క్రొత్త పాఠము కాదు. ఒక శాసనపాఠమును ఒకరు తప్పు చదివి ప్రకటించినచో, మూలపు రాగిరేకును చూడనివారందరును ఆ తప్పునే ఎత్తి వ్రాయుదురు. గ్రంథమునందు గౌరవముండవలయును, కాని ఫలకమును మన కన్నులతో చూడవలయును.

ఆరు ఎత్తుల ఓటమి ఆనంద్ దారికి అడ్డు కాలేదు. అతడు 2000లోను, మరల 2007 మొదలు 2013 వరకును ప్రపంచ విజేతగా నిలిచెను. తెలుగునాట గుంటూరున జన్మించిన పెంటేల హరికృష్ణ 2001లోను, గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లోను గ్రాండ్‌మాస్టర్లయిరి. వారి దారిని నడువగోరు బాలబాలికలు నేడు మన పల్లెలలోను కలరు. తొలి ఉచ్చులో పడి నలుగురిలో నవ్వులపాలైన పిల్లవాడు మరల బల్ల ముందు కూర్చుండక పోవుటయే నిజమైన నష్టము. పెద్దలు అట్టివానిని పరిహసింపక, ఆ ఐదారు ఎత్తులను మరల పేర్చి, ఏ ఎత్తు ఎందులకు చెడ్డదో వానిచేతనే చెప్పింపవలయును. ఒకమారు కారణము తెలిసిన ఉచ్చు వానికి మరల ఉచ్చు కానేరదు.