చీటీలో ఎక్కని పేర్లు

నర్సీపట్నంలో మ్యూజియం లేదు. ఆ మాటకొస్తే రైలూ లేదు. 'నర్సీపట్నం రోడ్డు' అని మా ఊరి పేరు పెట్టుకున్న స్టేషను ఊరికి మైళ్ల దూరంలో ఉంటుంది. ఆ వైపే ఏటికొప్పాక. అక్కడి పనివాళ్లు అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటమంతా ఏటికొప్పాక బొమ్మలే. ఊరికి పేరొచ్చింది, మంచిదే. కానీ బొమ్మను తిరగేసి చూస్తే అడుగున చేసిన మనిషి పేరుండదు.

ఒక చిత్రకారుడి పేరుతో ఉన్న గ్యాలరీ చూడాలంటే మేము తునికి బస్సెక్కి, అక్కడ రైలు పట్టుకుని రాజమండ్రి పోవాలి. దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండలేదు. బతికుండగా ఎవరూ గుర్తించలేదనడం సరికాదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చిన్నప్పుడే అతని చేతిని గుర్తుపట్టాడు, బొంబాయిలో చదువు కుదిరింది, మెప్పూ వచ్చింది. అయితే అంత చిన్న వయసులో పోయినవాడి బొమ్మలు మామూలుగా ఏమవుతాయి? అటక మీదికెక్కుతాయి, చెదలకు పోతాయి. ఇక్కడ అలా కాలేదు. భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బొమ్మల్ని కాపాడారు. చిత్రకళాశాల నడిచింది, గ్యాలరీ నిలిచింది. హాలండు వాన్ గో సంగతీ ఇంతే. 1890లో అతను పోయాక, ఆర్నెల్లకు తమ్ముడూ పోయాక, ఆ బొమ్మల్నీ ఉత్తరాల్నీ లోకం ముందు పెట్టింది తమ్ముడి భార్య యొహానా. ఆలస్యంగా వచ్చే కీర్తి కూడా దానంతటది రాదు. దాన్ని మోసుకొచ్చే మనిషి కావాలి.

అలాంటి మనిషి దొరకని కళాకారుల గురించే మా బాధ. వాళ్లలో మావాళ్లు చాలామంది ఉన్నారు.

అజంతా సంగతి తీసుకుందాం. ఆ గుహలు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోవి. మేజర్ గిల్ ఏళ్ల తరబడి వేసిన కుడ్యచిత్రాల నకళ్లు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో బుగ్గయ్యాయి. తర్వాత గ్రిఫిత్స్ బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థులతో వేయించినవాటిలో ఎన్నో 1885లో అదే లండన్‌లో మరో మంటకు పోయాయి. నకలు తీసినవాళ్లు పూసిన వార్నిషుతో గోడల మీది అసలు బొమ్మలు పసుపెక్కాయి. అప్పుడు హెరింగ్‌హాం అనే ఆంగ్ల చిత్రకారిణి 1909-11 మధ్య చలికాలాల్లో మళ్లీ నకళ్లు తీయించింది. కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ్ గుప్తా వచ్చారు. హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజలుద్దీన్ వచ్చారు. ఒకే చీకటి గుహలు, ఒకే గోడలు, ఒకే పని. 1915లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలో వీళ్లందరి పేర్లూ ఉన్నాయి. తెల్లదొరసాని మరిచిపోలేదు. మరిచిపోయింది మనం.

నందలాల్ బోస్ శాంతినికేతన్ కళాభవనానికి పెద్దయ్యాడు, రాజ్యాంగ మూలప్రతికి బొమ్మలు కూర్చాడు, 1954లో పద్మవిభూషణ్ అందుకున్నాడు. అందులో ఒక్కటీ ఎక్కువ కాదు. సయ్యద్ అహ్మద్ అజంతాను వదల్లేదు. నిజాం ప్రభుత్వం తరఫున గుహలకు క్యూరేటరయ్యాడు, నకళ్లు వేస్తూనే ఉన్నాడు. 1920 తర్వాత చెకోనీ, ఓర్సీనీ అనే ఇటలీ నిపుణులు వచ్చి పాత వార్నిషు తీసి, ఊడిపోతున్న పూతను నిలబెట్టారు. హైదరాబాదు పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాల్లో అజంతా గ్రంథం తెచ్చాడు. అదే రోజుల్లో, 1922లో, మా మన్యంలో అల్లూరి పోలీసు స్టేషన్ల మీద పడుతున్నాడు. ఆ చరిత్ర మాకు నోటికొచ్చు. ఈ చరిత్ర మాకెవరూ చెప్పలేదు.

అజంతా గోడ ముందు నందలాల్ కూర్చుంటే అది ప్రేరణ అయింది. సయ్యద్ అహ్మద్ కూర్చుంటే నౌకరీ అయింది. నకలు కళ కాదంటారా? అయితే ఇద్దరికీ కాకూడదు.

అతని అజంతా నకళ్లు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ఆ మ్యూజియానికి వెళ్లే జనం మాత్రం ఈజిప్టు మమ్మీని చూడ్డానికి వెళ్తారు. పిల్లలు అడిగేదీ, పెద్దలు చూపించేదీ మమ్మీనే. చచ్చి రెండు వేల ఏళ్లు దాటిన పరాయి దేశపు ఆడపిల్లకు దొరికిన చూపులో పదోవంతు కూడా మన సయ్యద్‌కు దొరకదు.

స్కూలు పుస్తకాల్లో ముసల్మానంటే విగ్రహాలు పగలగొట్టినవాడు. 1992 డిసెంబర్ 6 తర్వాత, ఒక మసీదును పగలగొట్టాక కూడా, ఆ బొమ్మ మారలేదు. బుద్ధుడి ముఖాన్ని గీత గీతా పట్టి కాగితం మీద దాచిన సయ్యద్ ఆ పుస్తకాల్లో ఎక్కడున్నాడు? దేశభక్తి సర్టిఫికెట్ కోసం అడగడం లేదు. అతను బుద్ధుణ్ణి గీశాడు కాబట్టి మంచి ముసల్మాను అని ఎవరైనా మెచ్చుకోబోతే ఆ మెప్పూ మాకు వద్దు. అతను చిత్రకారుడు, అక్కడ గొప్ప చిత్రాలున్నాయి, గీశాడు. అంతే.

నింద అంతా బయటివాళ్ల మీద వేయలేం. తస్వీర్ గీయడం గునాహ్ అని మాలోనే చెప్పేవాళ్లున్నారు. అల్లా తొంభై తొమ్మిది పేర్లలో 'అల్ ముసవ్విర్' ఒకటి. రూపమిచ్చేవాడని అర్థం. ఉర్దూలో చిత్రకారుణ్ణి పిలిచేదీ ముసవ్విర్ అనే. ఆ పేరు దేవుడికే చెల్లుతుంది కాబట్టి మనిషికి తగదని ఒక వాదం. అలా అనుకుంటే రహీం, కరీం కూడా ఆయన పేర్లే, వాటితో మాత్రం మనిషిలో దయా దాతృత్వమూ ఉండాలని కోరతాం. వాదం ఎలా తేలినా దాని ఫలితం ఒకటే. బొమ్మలు వేసినవాణ్ణి ఇంట్లోవాళ్లే చెప్పుకోరు. వరదా వెంకటరత్నం లాంటి మిత్రుడు అతనికి ఎక్కణ్ణుంచి వస్తాడు?

మ్యూజియం మరిచినా మాట మరవలేదు. చేర్యాలలో పురాణకథలు పటాల మీద గీసే తెలుగువాళ్లను 'నకాషీలు' అంటారు. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన 'నక్కాష్' అది. మచిలీపట్నం కలంకారీలో కలమూ కారీ రెండూ ఫారసీవే. శ్రీకాళహస్తిలో రామాయణం గీసే చేతికీ అదే పేరు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ మాటలే చెబుతాయి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా ముందు నిలబడితే చాలు, శిల్పి బెంజోనీ అనీ, 1876లో కొని తెచ్చారనీ ఎవరో ఒకరు చెబుతారు. దక్కనీ చిత్రాల దగ్గరికొస్తే చాలావాటి కింద చీటీలో శైలి ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, మనిషి ఉండడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక ఆస్థానం చెదిరింది, చిత్రకారులు చెదిరారు. ఓడించినవాడూ ముసల్మానే, ఓడినవాడూ ముసల్మానే. అన్నం పోయింది మాత్రం కలం పట్టినవాడికి.

ఆ శతాబ్దపు చివరి రోజుల చిత్రకారుడొకడు మాత్రం తన పేరు తానే రాసుకున్నాడు. రహీం. పక్కనే 'దక్కనీ' అని చేర్చుకున్నాడు. ఎక్కడివాడివని మమ్మల్ని ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నకు మూడు వందల ఏళ్ల కిందటే అతను సంతకంలో జవాబు పెట్టాడు. తెలుగు చిత్రకళ చరిత్రను రాజమండ్రి నుంచి మొదలుపెట్టేవాళ్లకు ఆ సంతకం కనపడదు. అతను రంగులు వేసి మెరుపు పూత పూసిన చిన్న పెట్టె లండన్‌లో, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. చీటీలో అతని పేరుంది.