నేలలోని నాణెములు

మన పూర్వులు అగ్రహారమును గాని క్షేత్రమును గాని దానమొసగునపుడు అష్టభోగములతో ఇచ్చితిమని శాసనమున వ్రాయించుట ఆచారము. ఆ అష్టభోగములలో మొట్టమొదట పేర్కొనబడునవి నిధి, నిక్షేపములు. జలము, పాషాణము మున్నగునవి తరువాతనే వచ్చును. శాసనముల కాలము గడచిన పిమ్మట కాగితముపై వ్రాసికొన్న క్రయ దస్తావేజులలో సైతము నిధి నిక్షేపములను మాటలు నిలిచియే యుండినవి. కొనువానికి గాని అమ్మువానికి గాని ఆ నేలలో ఏమున్నదో తెలియదు. అయినను ఏదో ఉండవచ్చునను ఆశ ఇరువురకును కలదు. లంకెబిందెల కథ విననివాడు తెలుగునాట అరుదు.

ధనమును భూమిలో దాచుటకు కారణము సులభముగానే ఊహింపవచ్చును. బ్యాంకులు లేని దినములలో గృహస్థునకు నేలయే ఇనుపపెట్టె. శత్రుసేన వచ్చుచున్నదని విన్న వర్తకుడు, దూరదేశము పోనున్న సైనికుడు, జ్ఞాతులను నమ్మని వృద్ధుడు, అందరును ఒకే పని చేసిరి. కుండలో నాణెములు పోసి, మూతి బిగించి, రాత్రివేళ పాతిపెట్టి గురుతు పెట్టుకొనిరి. అట్లు పాతిన వారిలో పెక్కుమంది తిరిగివచ్చి త్రవ్వుకొనియే యుందురు. ఆ ధనము మనకు చిక్కదు. మనకు చిక్కినది చాలవరకు తిరిగిరాని వాని ధనమే. కావున ప్రతి నిక్షేపము వెనుకను ఒక ఆపద, ఒక మరణము, లేదా ఒక వలస ఉండుటకు అవకాశము మెండు. చరిత్రకారునకు దానియందు ఆసక్తి కలుగుటకు మొదటి హేతువు ఇదియే.

పూర్వము ఇట్టి ధనము నాగటిచాలున గాని, పునాదుల త్రవ్వకమున గాని యాదృచ్ఛికముగా బయటపడుచుండెను. మనవారు అంజనము వేయించి వెదకిరి. ఇరువదవ శతాబ్దిలో దీనికొక యంత్రము వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున (1939-45) నేలలో పాతిన మందుపాతరలను కనుగొనుటకు సైన్యములు వాడిన లోహశోధక యంత్రము యుద్ధానంతరము సామాన్యుల చేతికి అందినది. దాని పని క్లిష్టము కాదు. కర్ర చివరనున్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి చుట్టును అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రములో లోహమున్నచో దానియందు సూక్ష్మ విద్యుత్ప్రవాహములు పుట్టును. ఆ మార్పును యంత్రము గ్రహించి చెవికి ధ్వనిగా వినిపించును. అయితే అది సామాన్యముగా జానెడు, మూరెడు లోతువరకే పనిచేయును. మేకునకును మొహరునకును గల భేదమును అది నిశ్చయముగా చెప్పజాలదు. అంతకు మించి, ఆ వస్తువు అక్కడికి ఎట్లు వచ్చెనో అది ఏ మాత్రమును చెప్పజాలదు.

ఈ యంత్రము వలన వెలువడిన నిక్షేపములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇంగ్లండులోని సఫోక్ మండలమున హాక్సన్ అను గ్రామము చెంత దొరికినది. 1992 నవంబరు 16వ తేదీన అక్కడి రైతు ఒకడు పొలములో తన సుత్తిని పోగొట్టుకొనెను. ఉద్యోగవిరమణ సమయమున లోహశోధక యంత్రమును కానుకగా పొందిన మిత్రుడొకడు ఆ సుత్తిని వెదకిపెట్టుటకు వచ్చెను. యంత్రము మ్రోగినచోట త్రవ్వగా వెండి గరిటెలు, బంగారు గొలుసులు, నాణెములు కనబడినవి. ఇక్కడ ఆ వృద్ధుడు చేసిన పని గమనింపదగినది. కొంత వెలికితీసిన వెంటనే అతడు త్రవ్వుట మాని అధికారులకు వర్తమానము పంపెను. మరునాడు పురావస్తు శాఖవారు వచ్చి, వస్తువులున్న క్రమము చెడకుండ మట్టిగడ్డలతో సహా పైకి తీసిరి.

లెక్కింపగా నాణెములు సుమారు 15,000. వాటితోపాటు వెండి బంగారు వస్తువులు రమారమి 200. అవి అన్నియు ఒక కొయ్యపెట్టెలో, దాని లోపలి చిన్న పెట్టెలలో, శ్రద్ధగా సర్దబడి యుండినవని తేలినది. కట్టె కుళ్ళిపోయినను ఏ వస్తువు ప్రక్కన ఏ వస్తువున్నదో తెలిసినందున ఈ సంగతి బోధపడినది. నాణెములలో కడపటివి క్రీ.శ. 407-408 నాటివి. బ్రిటనులో రోమను ప్రభుత్వము అంతరించుచున్న కాలమది. నిక్షేపపు వెల 17,50,000 పౌనులుగా నిర్ణయింపబడగా, దొరకినవాడు ఆ బహుమానమును రైతుతో పంచుకొనెను. సుత్తియు దొరకినది. అదియు నిక్షేపముతోపాటు బ్రిటిషు మ్యూజియమునకే చేరినది.

ఆ పెట్టెలో మనకు సంబంధించిన వస్తువులును కలవు. అవి నాలుగు వెండి మిరియపు బరిణెలు. అందొకటి రాజసము గల రోమను స్త్రీ రూపమున మలచబడినది. బ్రిటనులో మిరియము పండదు. అది దక్షిణ భారతము నుండి ఓడలలో పోవుచుండిన సరుకు. క్రీ.శ. 408లో అలారిక్ అను గోతు నాయకుడు రోము నగరమును ముట్టడించి, విడుపు సొమ్ముగా బంగారము, వెండి, పట్టువస్త్రములతోపాటు 3,000 పౌనుల బరువు మిరియములు కోరెనని చరిత్ర చెప్పుచున్నది. ఆ ముట్టడియు, హాక్సన్ నిక్షేపపు చివరి నాణెములును ఒకే కాలమునకు చెందినవి.

మిరియమునకు మారుగా రోమను నాణెములు మన దేశమునకు వచ్చినవి. ఏటేట అయిదు కోట్ల సెస్టర్సులు భారతదేశము హరించుచున్నదని క్రీ.శ. మొదటి శతాబ్దిలో ప్లినీ వాపోయెను. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లి మొదలుకొని దక్షిణాపథమున పెక్కుచోట్ల ఆ నాణెములు దొరకినవి. ఇక్కడొక విశేషము. హాక్సన్ వెండి నాణెములలో చాలవాటికి అంచులు కత్తిరింపబడియున్నవి గాని చక్రవర్తి ముఖము జోలికి ఎవ్వరును పోలేదు. దక్షిణ భారతమున దొరకిన రోమను నాణెములు కొన్నింటిపై చక్రవర్తి ముఖము మీదుగానే ఉలిగాటు కానవచ్చును. లోపలి లోహమును పరీక్షించుటకని కొందరు, పరదేశపు రాజముద్ర చెల్లదని తెలుపుటకని మరికొందరు దానికి కారణము చెప్పుదురు. ఏదైనను ఒక్క సంగతి స్పష్టము. అక్కడ అది ప్రభువు ముద్ర. ఇక్కడ అది వెండితునక.

ఇంతకంటె గొప్ప సాక్ష్యము మన శాతవాహనుల చరిత్రకు లభించినది. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వ్రాయించిన శాసనము, ఆమె కుమారుడైన గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాత వంశమును నిర్మూలించెనని కొనియాడుచున్నది. తల్లి కుమారుని పొగడిన పొగడ్తను ఎంతవరకు నమ్మవచ్చును? 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంభి గ్రామమున దొరకిన నిక్షేపము ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినది. అందులో 13,250 వెండి నాణెములు. అన్నియు క్షహరాత రాజైన నహపానునివే. కాని వాటిలో 9,270 నాణెములపై గౌతమీపుత్రుడు తన పేరును, తన చిహ్నములను తిరిగి ముద్రింపించెను. క్రొత్త ముద్ర క్రింద నహపానుని ముఖము అక్కడక్కడ ఇంకను కనబడుచునే యున్నది. ఓడినవాని నాణెమును జయించినవాడు తన నాణెముగా మార్చుకొనిన వైనము ఇట్లు కన్నులకు కట్టినది. ఆ వెండిని కుండతో సహా కంసాలి మూసలో పోసియున్నచో కొన్ని సేర్ల వెండి మిగిలియుండును. బాలశ్రీ మాట మాత్రము ఉత్త పొగడ్తగానే మిగిలియుండును. పది ఇరువది నాణెములు మాత్రమే చేతికి వచ్చియున్నను, మూడింట రెండువంతులకు మించి తిరిగి ముద్రింపబడినవన్న సంగతి తెలిసియుండదు. నిక్షేపము మొత్తముగా నున్నపుడే అది సాక్ష్యము చెప్పును.

మూసకు ఆహుతియైన దానికి దృష్టాంతము కావలెనన్నచో 1946లో భరత్‌పూరు సంస్థానమున బయానా సమీపమున దొరకిన గుప్తుల బంగారు నాణెముల గాథ కలదు. గ్రామస్థులు నాణెములను పంచుకొనిరి. విషయము పొక్కి ప్రభుత్వము సేకరించునంతలో కొన్ని కరగిపోయినవి. దక్కినవి 1,821. వాటిలో రెండవ చంద్రగుప్తునివి 983, కుమారగుప్తునివి 628, సముద్రగుప్తునివి 183. ఆచార్య అల్తేకరు 1954లో వాటి పట్టికను ప్రకటించిరి. దక్కిన వాటిలోనే అంతకు ముందెన్నడును చూడని ముద్రలు ఉండినవి. కరగిన వాటిలో ఏమి పోయినదో చెప్పగలవారు లేరు.

దొరకిన ధనము ఎవరిదన్న వివాదము ప్రాచీనమైనది. నిధి జాడ తెలిపినవానికి ఆరవ వంతు, రాజభృత్యుడైనచో పండ్రెండవ వంతు, లక్షకు మించిన నిధి రాజునకే అని కౌటిల్యుడు విధించెను. బ్రిటిషు ప్రభుత్వము 1878లో చేసిన నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరునకు లిఖితపూర్వకముగా తెలుపవలెను. హక్కుదారు లేడని తేలినపుడు, వేరు ఒప్పందము లేనిచో, మూడు పాళ్ళు దొరకినవానికి, ఒక పాలు భూస్వామికి. ప్రభుత్వము తీసికొనదలచినచో లోహపు విలువకు అయిదవ వంతు చేర్చి చెల్లించును. తెలుపక దాచినవానికి ఒక సంవత్సరము వరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని శిక్ష.

చట్టమందలి న్యాయము చక్కనిదే. కాని కాగితములతో కాలము గడుపు మా వంటివారికి తెలిసిన విషయమొకటి కలదు. సర్కారునకు చెప్పినచో ఉన్నదియు పోవునను భయము రైతు మనస్సున నున్నంతవరకు ఏ చట్టమును నిక్షేపమును కాపాడజాలదు. లోహపు వెలకు అయిదవ వంతు చేర్చుట ఒక పద్ధతి. నాణెమునకు సంతలో పలుకు పూర్తి వెలను లెక్కకట్టుట మరొక పద్ధతి. ఇంగ్లండు 1996లో చేసిన చట్టమున రెండవ పద్ధతినే అనుసరించినది. పదునాలుగు దినములలో తెలిపినవానికి, భూస్వామికి, వస్తువు సంతవెల ననుసరించి బహుమానము లభించును. చెప్పినవాడు నష్టపోడని తెలిసినచోట చెప్పువారు పెరుగుదురు. హాక్సన్ వృద్ధుని సత్ప్రవర్తన అతని గుణమే. అట్టి గుణమునకు నష్టము కలుగకుండ చూచుట రాజ్యధర్మము.

మన ప్రాంతముల సంగతి కొంత విచారకరము. గుప్తనిధుల ఆశతో శిథిలాలయములలో నందులను పగులగొట్టుట, లింగములను పెకలించుట పలుమారు విన్నదే. మంత్రగాని అంజనమునకు తోడు ఇపుడు యంత్రము చేరినది. రాతినందిలో రత్నములు లేవు; దానిని మలచిన శిల్పి పనితనమే అక్కడి నిధి. అది పగిలిన పిమ్మట ఏ చట్టమును దానిని అతుకజాలదు.

మన సంఘ సభ్యులలో అనేకులు సెలవులలో స్వగ్రామములకు పోవుచుందురు. అక్కడ చదువుకొన్నవారి మాటకు కొంత విలువ కలదు. నాగటిచాలున పాత నాణెములు దొరకినవని ఎవరైన చెప్పినపుడు ఈ నాలుగు మాటలు తెలుపుట మన చేతిలోని పని. వాటిని చింతపండుతో తోమవలదు; తోమినచో అక్షరములు అరగిపోవును. కంసాలికి చూపవలదు. ఇంటింటికి పంచవలదు. కుండయు, దాని పెంకులును సైతము పారవేయక, దొరకినచోటు గుర్తుపెట్టుకొని తహసీలుదారునకు గాని కలెక్టరునకు గాని తెలుపవలెను. అవసరమైనచో ఆ అర్జీని మనమే వ్రాసిపెట్టి, రసీదు తీసికొనువరకు ఆ రైతు వెంట నుండవలెను. శాతవాహనుల చరిత్రలో నేటికిని తెలియని పుట లెన్నో కలవు. వాటిలో ఒకటి ఏ పొలము గట్టు క్రిందనో ఉండవచ్చును.