నమ్మకద్రోహ బాధితులకు కోచింగ్: నైతిక ప్రమాణాలు

జీవిత భాగస్వామి చేతిలోనో దగ్గరివాళ్ల చేతిలోనో మోసపోయి కోలుకుంటున్నవారికి ఫీజు తీసుకుని తోడ్పడే కోచ్ పాటించాల్సిన కట్టుబాట్లివి. క్లినికల్ సైకాలజిస్టుకు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద నమోదు తప్పనిసరి. కోచ్‌కు అలాంటి నిబంధన ఏదీ లేదు. హైదరాబాద్‌లోని ఉప్పల్‌లోనో నాచారంలోనో ఎవరైనా కోచ్ అని బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే తాను చికిత్సకుణ్ణి కానని మొదటిరోజే చెప్పడం కోచ్ తొలి బాధ్యత. అమెరికన్ మనస్తత్వవేత్త జెన్నిఫర్ ఫ్రైడ్ 1990లలో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, మనం ఆధారపడినవారే మోసం చేస్తే గాయం తీరు వేరుగా ఉంటుంది. అలా గాయపడ్డవారిని నెలల తరబడి ముందస్తు చెల్లింపు ప్యాకేజీలతో తన మీద ఆధారపడేలా చేసుకోవడం అదే గాయాన్ని కెలకడమవుతుంది.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే పిచ్చి అని ముద్ర వేస్తారన్న భయం, నాచారం పారిశ్రామికవాడ కార్మిక కుటుంబానికి భారమయ్యే ఫీజు, ఇవన్నీ ఉండగా కోచ్‌నూ కట్టడి చేస్తే బాధితులు ఎక్కడికి పోతారన్న అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అయితే ఈ హద్దులు కోచ్‌ను తొలగించవు. ఆత్మహత్య ఆలోచన కనిపిస్తే ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు, గృహహింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి దారి చూపమంటాయి, అంతే. విడిపొమ్మనో సర్దుకుపొమ్మనో తీర్పు చెప్పడం, భాగస్వామి ఫోన్‌పై నిఘా నేర్పడం కోచ్ పని కాదు. ఒకే కాలనీలో ఇరుపక్షాల బంధువులూ ఉండేచోట గోప్యత కాపాడటం మరీ కష్టం. చట్టం తెలియని సలహా కూడా ప్రమాదమే: వివాహేతర సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న తేల్చింది, హిందూ వివాహ చట్టం కింద విడాకులకు మాత్రం అదింకా కారణమే.