మెదడు ధమనులు సహజంగా తెరచుకొనుట

రక్తపు గడ్డ వలన మూసుకుపోయిన మెదడు ధమని, ఏ చికిత్సా లేకుండానే తిరిగి తెరచుకొనుటను వైద్య పరిభాషలో '''స్పాంటేనియస్ రీకెనలైజేషన్''' అంటారు. పక్షవాతం రెండు విధాలుగా కలుగుతుంది: రక్తనాళం పూడుకుపోవడం వలన, లేదా రక్తనాళం చిట్లడం వలన. ఈ వ్యాసం మొదటి రకానికి సంబంధించినది.

== జరిగే విధానం ==
రక్తనాళాల లోపొర కణాలు టిష్యూ ప్లాస్మినోజెన్ యాక్టివేటర్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. ఇది రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. ప్లాస్మిన్ గడ్డలోని ఫైబ్రిన్ పోగులను తెంచి గడ్డను కరిగిస్తుంది. పిఎఐ-1, ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ అనే ప్రోటీనులు ఈ చర్యను నిరోధిస్తాయి. ఈ రెండు శక్తుల మధ్య సమతుల్యతపై ఫలితం ఆధారపడి ఉంటుంది.

== ప్రభావితం చేసే అంశాలు ==
* '''గడ్డ ఉన్న చోటు:''' చివరి చిన్న శాఖలు సులభంగా తెరచుకుంటాయి. మెడ నుండి వచ్చే అంతర కెరోటిడ్ ధమని కొస మూసుకుపోతే తెరచుకొనే అవకాశం చాలా తక్కువ.
* '''పొడవు:''' గడ్డ పొడవు పెరిగిన కొద్దీ కరగడం కష్టం.
* '''నిర్మాణం:''' ఎర్ర రక్తకణాలు అధికంగా ఉన్న గడ్డ, ఫైబ్రిన్ దట్టంగా అల్లుకున్న గడ్డ కంటె త్వరగా కరుగుతుంది. రక్తం కొంతైనా చొరబడగల గడ్డలోకి ప్లాస్మినోజెన్ కూడా చేరుతుంది.
* '''కారణం:''' కొవ్వు పేరుకొని ఇరుకైన చోట ఏర్పడిన గడ్డ కరిగినా, ఆ ఇరుకు అలాగే మిగులుతుంది.
* '''పక్కదారి ప్రసరణ:''' ఇరుగుపొరుగు ధమనుల నుండి వచ్చే రక్తం గడ్డ రెండవ కొసకు కూడా ఎంజైములను చేర్చగలదు.
* '''రక్తంలో చక్కెర:''' ఇది అధికమైతే పిఎఐ-1 పెరిగి, గడ్డ కరగడం మందగించవచ్చు.

== ఎంతమందిలో ==
అనేక అధ్యయనాలను కలిపి 2007లో ప్రచురించిన విశ్లేషణలో, ధమని తనంతట తెరచుకొన్నది సుమారు 24% మందిలో. సిర ద్వారా గడ్డ కరిగించే మందు ఇచ్చినప్పుడు ఇది 46%, యాంత్రిక పద్ధతులలో 84%.

== కాలం ప్రాముఖ్యత ==
పెద్ద ధమని మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అంచనా వేశారు. ఆలస్యంగా తెరచుకొంటే, అప్పటికే మరణించిన కణజాలంలోకి రక్తం చేరి రక్తస్రావం కావచ్చు. అందువలన ధమని తనంతట తెరచుకుంటుందని వేచి ఉండరాదు. గడ్డ కరిగించే మందును సాధారణంగా 4.5 గంటలలోపు ఇస్తారు. తగిన రోగులలో 24 గంటల వరకు గొట్టం ద్వారా గడ్డను తొలగించవచ్చు. లక్షణాలు వాటంతట అవే తగ్గినా మరల పక్షవాతం వచ్చే ప్రమాదం ఉన్నందున వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.