కమాను ఎత్తు, బండి ఒరుగు

మోటారు బండ్ల చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఇంజనులను గూర్చియు, వేగములను గూర్చియు వ్రాయుదురు. ఇరుసునకును బండికిని నడుమ నిలిచి భారమంతయు మోయు కమానులకు ఆ చరిత్రలో దక్కిన పుటలు తక్కువ. అయినను బండి తిన్నగా నిలుచుటయు, ఒక ప్రక్కకు ఒరుగుటయు వాని చేతిలోనే యున్నవి. కొండదారులలో తిరుగుటకై జీపు వంటి బండ్లను 2, 3 అంగుళములు పైకెత్తించుకొను అలవాటు నేడు పెక్కు దేశములందు కలదు. క్రొత్త కమానులు బిగించిన పిమ్మట బండిని చదునైన నేలపై నిలిపి చూడగా, ఒక ప్రక్క అర అంగుళము క్రుంగి కనబడుట తరచు జరుగును. కొన్నవాడు అమ్మినవానిని నిందించును. అమ్మినవాడు బిగించిన మేస్త్రీని నిందించును. ఈ తగవునకు మూలము బిగింపులో మాత్రమే లేదనియు, ఈ బండ్ల పుట్టుకలోనే యున్నదనియు మా అభిప్రాయము.

కమానుకు ఒక ధర్మము కలదు. ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్ దానిని 1678లో వివరించి ప్రకటించెను. స్ప్రింగుపై బరువు ఎంత పెరిగిన, అది అంతకు తగిన పాలులోనే వంగును. బరువు రెట్టింపైన, వంపును రెట్టింపగును. కావున ఒకే తీరు కమానులను రెండు ప్రక్కల నమర్చి, ఒక ప్రక్క బరువు హెచ్చుగా పెట్టినచో ఆ ప్రక్క క్రుంగక మానదు. కమానులు లేని మన ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. బస్తాలు ఏ ప్రక్క నున్నను దాని ఇరుసు వంగదు. కుదుపు తగ్గించుకొనుటకై మానవుడు కమానును తెచ్చుకొనెను. దానితోపాటు ఒరుగును గూడ తెచ్చుకొనెను.

1940 జూలైలో అమెరికా సైన్యము, నాలుగు చక్రములకును ఇంజను బలమందు ఒక తేలిక బండి కావలెనని 135 కంపెనీలకు వర్తమానము పంపెను. బాంటం అను చిన్న కంపెనీ తొలి నమూనాను ఆ యేడు సెప్టెంబరు 23న మేరీలాండు రాష్ట్రమందలి హోలాబర్డు శిబిరమునకు చేర్చెను. పిదప విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియులోపల 6 లక్షలకు పైగా జీపులను తయారు చేసెను.

ఈ యుద్ధకాలపు జీపులో నడుపువాడు ఎడమ ప్రక్క కూర్చుండును. అతని ఆసనము క్రిందనే పెట్రోలు తొట్టి. అందులో అమెరికా కొలతను 15 గాలన్లు, అనగా సుమారు 57 లీటర్లు పట్టును. తొట్టి నిండిన నాడు ఆ పెట్రోలు బరువే 40 కిలోలు దాటును. దానిపై ఒక సైనికుని బరువు చేర్చి చూడుడు. కుడి ఎడమలు సమముగా నుండుట ఎట్లు? అదియుగాక నాలుగు చక్రముల బండిలో ఇరుసులను మెలిపెట్టు బలము వేరొకటి కలదు. దాని కెదురొడ్డుటకై ఎడమ ముందు కమానుకు మాత్రము ఒక చిన్న అదనపు కమానును చేర్చిరి. ఆ బండి కుడి ఎడమలు కవల పిల్లలు కావు. నిర్మాతలు ఆ సంగతి ఎరిగియే పని చేసిరి.

ఇంగ్లండులో రోవరు కంపెనీకి చెందిన మారిస్ విల్క్స్ 1947లో ఒక నమూనా చేయించెను. దానికి జీపు చట్రమునే వాడిరి. చిత్రమేమనగా, అందులో నడుపువాని ఆసనమును ట్రాక్టరు వలె నట్టనడుమ నుంచిరి. ఏ దేశమున బండి ఏ ప్రక్క నడిచినను ఒకే తీరు బండి చాలునని వారి తలంపు. నడుమ కూర్చున్నవానితో కుడి ఎడమల తూకమును చెడదు. కాని అది వాడుకకు అనుకూలింపలేదు. 1948 ఏప్రిల్ 30న ఆంస్టర్‌డాం ప్రదర్శనలో లోకమునకు చూపిన లాండ్ రోవరులో ఆసనము ప్రక్కకే చేరెను. స్వదేశమునకు తయారైన బండ్లలో నడుపువాడు కుడి ప్రక్క, తొట్టియు కుడి ఆసనము క్రిందనే. అందుచేత నడుపువాని ప్రక్క కమానులను రెండవ ప్రక్కవానికంటె గట్టివిగా చేసిరి. ఖాళీ బండి ఆ ప్రక్క కొంచెము ఎత్తుగా నిలుచును. మనిషి ఎక్కి కూర్చుండగానే సరియగును. చూచువారికి లోపముగా తోచునది నిజమునకు ముందుచూపు.

మన దేశమున 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకముతో జీపు పల్లెల దారులకు పరిచితమయ్యెను. అదే కాలమున అమెరికాలో సైన్యము వదలుకొన్న జీపులు సామాన్యుల చేతికి వచ్చెను. 1953లో కాలిఫోర్నియాయందలి రూబికాన్ బాటపై జీపుల యాత్ర యొకటి మొదలాయెను. బండరాళ్లు అడుగున తగులకుండుటకు పెద్ద టైర్లు కావలసెను; వానికి చోటు చాలక బండిని ఎత్తవలసివచ్చెను. తొలుత ఎవరి పనిని వారే చేసికొనిరి. తరువాత అది వ్యాపారమై, పెట్టెలో పెట్టి అమ్ము కమానుల జతలు బయలుదేరెను. అనేకుల జతలలో కుడికిని ఎడమకును ఒకే తీరు కమానులుండెను. నిర్మాతలు యోచించి పెట్టిన భేదము అక్కడ చెరిగిపోయెను. క్రొత్త కమానులు బండిని ఎత్తినవి. పాత ఒరుగును మరల బయట పెట్టినవి.

1970లో వచ్చిన రేంజ్ రోవరు నాలుగు చక్రములకును చుట్టల స్ప్రింగులు వాడెను. ఇవి మెత్తనివి. 20 కిలోలకు ఒక సెంటీమీటరు వంగు స్ప్రింగుపై, ఇరు ప్రక్కలకును 30 కిలోల భేదమున్నచో ఒకటిన్నర సెంటీమీటర్ల ఒరుగు కలుగును. అంతకు రెట్టింపు గట్టి స్ప్రింగులో అది సగమే. పైగా నిలువు ఇరుసుపై ఈ స్ప్రింగులు చక్రములకు లోపలగా నుండును. అందుచే స్ప్రింగువద్ద చిన్నదైన భేదము మడ్‌గార్డు అంచున మరింత పెద్దదిగా కనబడును.

ఇక దిద్దుబాటు. మొదట కొలత సరిగా నుండవలెను. చదునైన నేల, నాలుగు టైర్లలో సమమైన గాలి, తొట్టిలో పెట్రోలు, ఆసనములో మనిషి బరువు ఉండవలెను. చక్రము నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచువరకు కొలిచిన పిమ్మట, చట్రమునుండి నేలకును కొలువవలెను; రేకు వంగి యుండవచ్చును. రబ్బరు బుష్షుల బోల్టులను చక్రములు గాలిలో వ్రేలాడునప్పుడు బిగించిన, రబ్బరు మెలిపడి బండిని ఎత్తి పట్టును. వానిని సడలించి, బండి తన బరువుపై నిలిచినప్పుడు మరల బిగించిన ఒరుగు కొన్నిసార్లు దానంతటదే పోవును. పిదప ముందు భాగమును చట్రము నడుమ ఒక్క జాకీపై ఎత్తి చూడవలెను. అప్పుడు వెనుక భాగము తిన్నగా నిలిచిన దోషము ముందున్నది. ఒరిగియే యున్న దోషము వెనుక నున్నది. చివరకు రెండు కమానులను కుడి ఎడమలు మార్చి చూడవలెను. ఒరుగు కమానుతోపాటు పోయిన కమానుదే దోషము. పోనిచో బండి బరువుదే.

బరువుదే యైనచో క్రుంగిన ప్రక్క తగిన మందపు బిళ్ల వేయుట, లేదా నడుపువాని ప్రక్కకు వేరుగా చేసిన కమాను వేయుట న్యాయమైన దిద్దుబాటు. ముందు చక్రములు విడివిడిగా కదలు బండ్లలో పావు అంగుళపు బిళ్ల చక్రమువద్ద సుమారు అర అంగుళమగును. కావున మితము పాటింపవలెను. ముందు ఇరుసుపై కమాను క్రింద దిమ్మెలు పేర్చుట ప్రమాదకరము. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలి తిరుగును. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టమందలి 52వ సెక్షను బండి మూలరూపమును యథేచ్ఛగా మార్చుటకు అంగీకరింపదనియు మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. విరిగిన కమాను పట్టీయు, వంగిన చట్రమును గూడ ఒరుగుగానే కనబడును. కారణమెరుగక బిళ్ల వేసినవాడు బండిని తిన్నగా నిలుపును గాని, ఆ విరుగుడును కంటికి కనబడకుండ దాచినవాడగును. ఘాటు దారి మలుపులో అది బయటపడినప్పుడు దిద్దుకొనుటకు వ్యవధి యుండదు. ఒరుగు బండి చెప్పు మాట. దానిని మాన్పించుటకు ముందు వినుట మంచిది.