పెన్సిల్‌లోనే ఆగిన జొన్నకంకి

1953 అక్టోబరు 1 దాకా మా ఎమ్మిగనూరు, ఆదోని బళ్లారి జిల్లావి. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రంలో కలిశాయి. సగం ఇళ్లలో కన్నడమే వినిపించే మా ఊళ్లలో తెలుగుతల్లి బొమ్మకు అందుకే ఒక బరువుంది.

డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసిన రోజుల్లో ఓ సిమెంటు శిల్పి నన్ను ఆ బొమ్మకు స్కెచ్ గీసిమ్మన్నాడు. ముందు నిలువుగా ఒక గీత. శిల్పులు దాన్ని బ్రహ్మసూత్రం అంటారు. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. నవతాళంలో మొత్తం 108. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, బొమ్మ ఎత్తును బట్టి మారుతుంది. తర్వాత కాగితమంతా గళ్లు. గళ్ల పని నాకు కొత్త కాదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. చీర అంచు డిజైను గ్రాఫ్ కాగితం మీద గడిగడిగా నింపడం చిన్నప్పుడే చూశాను.

కొలతల్లో చిక్కు లేదు, చేతుల్లోనే వచ్చింది. ఎడమచేత పూర్ణకుంభం, కుడిచేత వరికంకులు గీశాను. మగ్గం దిగి వచ్చిన నాయన చూసి, "మన చేన్లో వరి యాడుందప్పా?" అన్నాడు. తుంగభద్ర కాలువ కింద వరి ఉంది గానీ, మా నల్లరేగడిది జొన్న, పత్తి. ఆదోని పత్తి మార్కెట్టుకు పేరు తెచ్చింది ఆ నేలే. వరి చెరిపి జొన్నకంకి పెట్టాను. అచ్చం అన్నిచోట్లా ఉన్నట్టే కావాలన్నారు ఊరి పెద్దలు. విగ్రహం వరితోనే లేచింది.

ఆ చెరుపుడు చిన్న విషయం కాదని తర్వాత తెలిసింది. హైదరాబాదు సచివాలయంలో 2024 డిసెంబరు 9న ఆవిష్కరించిన తెలంగాణ తల్లికి కిరీటం లేదు, బతుకమ్మ లేదు. చేతిలో వరితోపాటు జొన్న, సజ్జ, మొక్కజొన్న ఉన్నాయి. దాని మీద రాష్ట్రమంతా వాదించుకుంది. తల్లి చేతిలో ఏముండాలన్నది ఆ తల్లి ఎవరిదన్న ప్రశ్నే. ఆ ప్రశ్న మొదట పడేది పెన్సిలు కింద.

విగ్రహం చౌరస్తాలో ఉంటుంది, స్కెచ్ చెత్తలోకి పోతుంది. శిల్పులకు, డ్రాయింగ్ మాస్టర్లకు నా మనవి: చెరిపిన గీతలున్న కాగితాన్ని పారేయకండి. వెనక తేదీ, ఊరు, మీ పేరు రాసి దాచండి.